కణితిలోని ప్రోటీన్ల మోతాదు ప్రోస్టేట్ కేన్సర్ భవిష్యత్తును ఎంతవరకు చెప్పగలదు?

కృష్ణాతీరం — సోమవారం, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారికి 69 ఏళ్లు, విజయవాడలో ఉంటారు. రక్తపరీక్షలో పీఎస్‌ఏ 11.4 రావడంతో ఎమ్మారై తీసి, ఆ తర్వాత బయాప్సీ చేశారు. కణితి కణాలు మైక్రోస్కోపులో ఎంత దూకుడుగా కనబడుతున్నాయో చెప్పే గ్లీసన్ స్కోరు 4+3, అంటే అయిదు మెట్లలో గ్రేడ్ గ్రూప్ 3 అని తేలింది. ఎముకల స్కానులో వ్యాప్తి కనబడలేదు. ఇంతవరకు డాక్టర్లు వివరంగానే చెప్పారు. మాకు అర్థం కానిది నివేదికలోని చివరి పేరా. అందులో కణితి ముక్కపై అదనంగా చేసిన మూడు ప్రోటీన్ పరీక్షల ఫలితాలున్నాయి: కేఐ-67 పన్నెండు శాతం, పీటెన్ లోపించింది, ఈఆర్‌జీ పాజిటివ్. యూరాలజిస్టు ఆ పేరా చదివి, దానివల్ల తన నిర్ణయం మారదన్నారు. రెండో అభిప్రాయానికి వెళ్లిన చోట మాత్రం ఇది దూకుడుగా పెరిగే రకమని చెప్పి పంపించారు.

నేను ఉద్యోగరీత్యా నార్త్ కరొలైనాలో ఉంటున్నాను. రాత్రిళ్లు పరిశోధన పత్రాల సారాంశాలు చదువుతుంటే, ఒకే ప్రోటీన్ ఎక్కువగా ఉంటే ప్రమాదమని ఒకచోట, ప్రమాదంతో దానికి సంబంధమే లేదని మరొకచోట కనబడుతోంది. పీఎస్‌ఏ కూడా ప్రోటీనే కదా, మరి దాన్ని అందరూ నమ్ముతున్నప్పుడు వీటిని ఎందుకు నమ్మరు? ఈ మూడు ఫలితాల్లో ఏదైనా నాన్నగారి చికిత్సను మార్చగలదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.


సూక్ష్మదర్శిని — సోమవారం, రాత్రి 11:15

నేను పాథాలజిస్టును. మీ ప్రశ్నలో రెండు వేర్వేరు కొలతలు కలిసిపోయాయి కాబట్టి ముందుగా వాటిని విడదీస్తాను.

పీఎస్‌ఏను మనం రక్తంలో కొలుస్తాము. వీర్యాన్ని పలుచబరచడానికి ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఎంజైమ్ అది, మామూలుగా గ్రంథి నాళాల్లోనే ఉండిపోతుంది. కేన్సర్ వచ్చినప్పుడు రక్తంలో పీఎస్‌ఏ పెరగడానికి కారణం కణాలు దాన్ని ఎక్కువగా తయారుచేయడమని చాలామంది అనుకుంటారు. నిజానికి కేన్సర్ కణం ఒక్కొక్కటి ఆరోగ్యకరమైన కణం కంటే తక్కువ పీఎస్‌ఏనే తయారుచేస్తుంది, గ్రేడ్ పెరిగేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. గ్రంథి గోడల అమరిక చెదిరిపోవడంతో లోపల ఉండవలసినది రక్తంలోకి జారుతుంది, పరీక్షలో కనబడేది ఆ జారుడే. అందువల్ల రక్తంలో పీఎస్‌ఏ ఎంత ఉందన్నదీ, కణితి కణాల్లో పీఎస్‌ఏ ఎంత ఉందన్నదీ ఒకే దిశలో నడవనక్కర లేదు. రక్తంలోని ప్రోటీన్ సాయంతో ఈ జబ్బును పసిగట్టే ప్రయత్నం పీఎస్‌ఏతో మొదలైనదీ కాదు. 1930ల చివరిలోనే ఎముకలకు పాకిన రోగుల రక్తంలో యాసిడ్ ఫాస్ఫటేజ్ పెరుగుతుందని గమనించారు. 1941లో చార్లెస్ హగిన్స్ బృందం వృషణాలు తొలగిస్తే ఆ ఎంజైమ్ తగ్గుతుందని చూపించింది, ఆ దారిలో చేసిన కృషికే ఆయనకు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది.

మీ నివేదికలోని మూడు పరీక్షలు రక్తానికి సంబంధించినవి కావు. సూదితో తీసిన ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనపు దిమ్మెలో పోతపోసి, అందులోంచి అతిపలుచని పొరలు కోసి, ఒక్కొక్క ప్రోటీన్‌కు అతుక్కునే యాంటీబాడీని వేసి, అది అతుక్కున్న చోట గోధుమరంగు వచ్చేలా చేస్తాము. తర్వాత మైక్రోస్కోపులో చూసి ఎన్ని కణాలకు, ఎంత గాఢంగా రంగు పట్టిందో లెక్కిస్తాము. ముక్క ఫార్మలిన్‌లో ఎన్ని గంటలు ఉంది, అంతకు ముందు ఎంతసేపు బయట ఉండిపోయింది, ఏ కంపెనీ యాంటీబాడీ వాడారు, లెక్కించినవారు రంగు బాగా కనబడే చోటును ఎంచుకున్నారా లేక మొత్తం ముక్క సగటు తీశారా అన్నవన్నీ ఫలితాన్ని కదిలిస్తాయి.

కేఐ-67 విభజన దశలో ఉన్న కణాల కేంద్రకంలో కనబడే ప్రోటీన్. 1983లో జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయంలో దాన్ని గుర్తించే యాంటీబాడీ తయారైంది, పేరులో మొదటి రెండు అక్షరాలు ఆ ఊరివే. ప్రోస్టేట్ కేన్సర్ మామూలుగా నెమ్మదిగా పెరిగే జబ్బు కాబట్టి, గ్రంథికే పరిమితమైన కణితుల్లో ఈ సంఖ్య తరచుగా 5 శాతం లోపే ఉంటుంది. ఆ లెక్కన 12 ఎక్కువే. అయితే ఆ 12ను ఎలా లెక్కించారో నివేదికలో రాయకపోతే, దాని మీద నేను ఎక్కువ బరువు పెట్టను.


గణాంకుడు — మంగళవారం, ఉదయం 7:05

సూక్ష్మదర్శిని గారు కొలత గురించి చెప్పారు. నేను ఆ కొలతను దేనితో పోల్చి చూస్తున్నారన్న విషయం ఎత్తుకుంటాను, ఎందుకంటే కృష్ణాతీరం గారికి కనబడిన వైరుధ్యాల్లో సగం అక్కడివే.

పరిశోధన పత్రాల్లో "ఫలితం" అన్న ఒకే మాట కింద మూడు వేర్వేరు సంఘటనలు ఉంటాయి. ఆపరేషన్ తర్వాత పీఎస్‌ఏ మళ్లీ 0.2 దాటడం ఒకటి, జబ్బు ఎముకలకో ఇతర అవయవాలకో పాకడం రెండోది, ఆ జబ్బుతోనే మరణించడం మూడోది. మొదటిది త్వరగా జరుగుతుంది, ఎక్కువమందికి జరుగుతుంది, కాబట్టి అయిదారేళ్లలో పత్రం రాయాలనుకునేవారికి అది అనుకూలం. కానీ దాని నుంచి మూడోదానికి ఉన్న దూరం చాలా పెద్దది. 1999లో జాన్స్ హాప్కిన్స్ నుంచి వెలువడిన ప్రసిద్ధ అధ్యయనంలో, ఆపరేషన్ తర్వాత పీఎస్‌ఏ పెరిగిన రోగుల్లో అది పెరిగిన నాటి నుంచి జబ్బు పాకే వరకు మధ్యస్థంగా 8 ఏళ్లు, పాకిన తర్వాత మరణం వరకు మరో 5 ఏళ్లు పట్టింది. బ్రిటన్‌లో 1,643 మందిని మూడు మార్గాల్లోకి (గమనిస్తూ ఉండటం, ఆపరేషన్, రేడియేషన్) యాదృచ్ఛికంగా పంచిన ప్రొటెక్ట్ అధ్యయనంలో, 15 ఏళ్ల తర్వాత కూడా ఈ జబ్బుతో మరణించినవారు మొత్తం మీద 3 శాతం లోపే. ఇంత అరుదుగా, ఇంత ఆలస్యంగా వచ్చే సంఘటనను ముందే చెబుతానని ఏ ప్రోటీన్ అయినా నిరూపించుకోవాలంటే వేలమందిని దశాబ్దాల పాటు గమనించాలి. వందమంది కణితులకు రంగు వేసి, పీఎస్‌ఏ తిరిగి పెరగడంతో పోల్చి, "ఫలితాలతో సంబంధం ఉంది" అని రాసిన పత్రాన్ని ఆ పరిమితితోనే చదవాలి.

రెండో చిక్కు గీత ఎక్కడ గీస్తారన్నది. కేఐ-67నే తీసుకోండి. అమెరికాలో రేడియేషన్ చికిత్సపై జరిగిన రెండు పెద్ద ప్రయోగాల, అంటే ఆర్‌టీఓజీ 86-10, 92-02ల కణితి ముక్కలను 2004 ప్రాంతంలో పరీక్షించారు. రెండింటిలోనూ కేఐ-67 ఎక్కువ ఉన్నవారిలో జబ్బు దూరానికి పాకడమూ, మరణమూ ఎక్కువే. ఇది పీఎస్‌ఏ పెరుగుదలతో పోల్చి సరిపెట్టుకున్న పని కాదు కాబట్టి దానికి నేను విలువిస్తాను. అయితే మొదటిదాంట్లో 3.5, 7.1 శాతాల దగ్గర గీతలు గీశారు, రెండోదాంట్లో 11.3 దగ్గర గీసినప్పుడు తేడా స్పష్టంగా కనబడింది. మీ నాన్నగారి 12 వీటన్నిటికీ పైనే ఉందని భయపడకండి, ఆ ప్రయోగాల్లోని రోగుల జబ్బు మీ నాన్నగారి జబ్బు కంటే సాధారణంగా ముదిరినది. సమాచారాన్ని చూసిన తర్వాత, తేడా బాగా కనబడే చోట గీత గీస్తే, మరో ఆసుపత్రి రోగుల దగ్గర ఆ గీత తరచుగా నిలవదు. ఈ బెడదను తగ్గించడానికే 2005లో కణితి సూచికల పత్రాలు ఎలా రాయాలో రిమార్క్ పేరుతో మార్గదర్శకాలు తెచ్చారు. అవి వచ్చి ఇన్నేళ్లయినా నా చేతికి సమీక్షకు వచ్చే పత్రాలు చూస్తే నిట్టూర్పే మిగులుతోంది.


పెన్నాపంతులు — మంగళవారం, ఉదయం 10:30

నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి, నాలుగేళ్లుగా ఇదే జబ్బుకు హార్మోన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నాను. మాతోపాటు చికిత్సకు వచ్చే ఒకాయనకు పీఎస్‌ఏ ఎప్పుడూ రెండు దాటలేదు, మేమంతా ఆయన అదృష్టవంతుడనుకున్నాము. తీరా చూస్తే కాలేయానికి పాకిందన్నారు. పీఎస్‌ఏ తక్కువగా ఉండటం మంచిది కాదా? పెద్దలు దీని గురించి రెండు మాటలు చెబితే నాబోటివాళ్లకు ఉపయోగం.


వైద్యమిత్ర — మంగళవారం, మధ్యాహ్నం 2:20

పంతులుగారూ, చికిత్సతో తగ్గిన పీఎస్‌ఏ మంచి సంకేతమే, మీ విషయంలో అది అలాగే ఉండాలని కోరుకుంటున్నాను. మీరు చెప్పినాయన పరిస్థితి వేరు. జబ్బు ముదురుతూ ఉండగా పీఎస్‌ఏ పెరగకపోవడం కొన్నిసార్లు కణితి తన స్వభావాన్ని మార్చుకుందనడానికి గుర్తు. హార్మోన్ల మీద ఆధారపడటం మానేసి, నాడీ కణాల లక్షణాలు తెచ్చుకునే న్యూరోఎండోక్రైన్ రకంగా కొన్ని కణితులు మారతాయి. అప్పుడు కణాల్లో పీఎస్‌ఏ తగ్గిపోతుంది, సినాప్టోఫిజిన్, క్రోమోగ్రానిన్ వంటి ప్రోటీన్లు కనబడతాయి, కణ విభజనను అదుపులో ఉంచే ఆర్‌బీ1, పీ53లు దెబ్బతిని ఉంటాయి, కాలేయం వంటి చోట్లకు పాకడం ఎక్కువవుతుంది. అలాంటప్పుడు మళ్లీ బయాప్సీ చేసి ఈ ప్రోటీన్లను చూడటం తప్పనిసరి, ఎందుకంటే మందు మారుతుంది: ప్లాటినం ఆధారిత కీమోథెరపీ వైపు వెళ్తాము. ఇంకా మొదటి రోజునే గ్లీసన్ 8 నుంచి 10 ఉండి, పీఎస్‌ఏ 2.5 లోపు ఉన్నవారి పరిస్థితి, అదే గ్లీసన్‌తో పీఎస్‌ఏ కొంచెం ఎక్కువగా ఉన్నవారి కంటే అధ్వానంగా ఉందని పెద్ద అమెరికన్ సమాచార నిధుల విశ్లేషణలో తేలింది.

కృష్ణాతీరం గారి ప్రశ్నకు నా సమాధానం ఇక్కడి నుంచే వస్తుంది. రోగి భవిష్యత్తు ఎలా ఉంటుందో చెప్పే ప్రోటీన్ వేరు, ఏ మందు పనిచేస్తుందో చెప్పే ప్రోటీన్ వేరు. ఒకే ప్రోటీన్ ఈ రెండు పాత్రల్లో ఎదురుబొదురుగా కూడా నిలబడగలదు. కణితి కణాల పైపొర మీద ఉండే పీఎస్‌ఎమ్‌ఏ అందుకు చక్కని ఉదాహరణ. ఆపరేషన్‌లో తీసిన గ్రంథిలో పీఎస్‌ఎమ్‌ఏ ఎక్కువగా ఉన్నవారికి జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువని చాలా అధ్యయనాలు చెప్పాయి, అంటే అక్కడ అది చెడ్డ సంకేతం. అదే ప్రోటీన్‌ను పట్టుకుని లోపలికి రేడియోధార్మికతను చేరవేసే లుటీషియం-177 చికిత్సకు వచ్చేసరికి, పీఎస్‌ఎమ్‌ఏ ఎంత ఎక్కువ ఉంటే ప్రయోజనం అంత ఎక్కువ. 2021లో వెలువడిన విజన్ ప్రయోగంలో, పెట్ స్కానులో పీఎస్‌ఎమ్‌ఏ ఉన్నట్టు చూసి ఎంచుకున్న 831 మంది ముదిరిన రోగుల్లో, ఈ మందు తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం 15.3 నెలలు, తీసుకోనివారిది 11.3 నెలలు. అంటే "ఈ ప్రోటీన్ ఎక్కువ ఉండటం మంచిదా చెడ్డదా" అని అడిగితే సమాధానం లేదు, ఏ దశలో, ఏ చికిత్స ముందు పెట్టుకుని అడుగుతున్నారో చెప్పాలి.

ఏఆర్-వీ7 కథ కూడా ఇలాంటిదే. మగ హార్మోన్ వచ్చి అతుక్కునే గ్రాహక ప్రోటీన్‌కు అది ఒక పొట్టి రూపం, హార్మోన్ అతుక్కునే భాగమే దానిలో ఉండదు. 2014లో జాన్స్ హాప్కిన్స్ బృందం రక్తంలో తిరిగే కణితి కణాల్లో దాని ఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి వచ్చే నకలు) కోసం వెతికింది. మగ హార్మోన్‌ను అడ్డుకునే రెండు మందుల్లో, ఎంజలుటమైడ్ మీద 31 మంది, అబిరటిరోన్ మీద 31 మంది. ఏఆర్-వీ7 ఉన్నవారిలో ఒక్కరికైనా పీఎస్‌ఏ సగానికి తగ్గలేదు. లేనివారిలో వరుసగా 53, 68 శాతం మందికి తగ్గింది. చిన్న అధ్యయనమే అయినా, తర్వాతి పరిశోధనలు దాన్ని మొత్తం మీద బలపరిచాయి. ఈ రోగులకు డోసిటాక్సెల్ వంటి కీమోథెరపీ మందులు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. అయితే ఇవన్నీ జబ్బు పాకి, మొదటి హార్మోన్ చికిత్సను దాటిపోయిన దశ విషయాలు. కృష్ణాతీరం గారి నాన్నగారు ఆ దశలో లేరు.


ద్రవ్యరాశి — మంగళవారం, సాయంత్రం 6:50

నేను మాస్ స్పెక్ట్రోమీటర్లతో ప్రోటీన్లను కొలిచే ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. ఇక్కడ ఇంతవరకు రాని ఒక సంగతి చేరుస్తాను. జబ్బు ఎంత ప్రమాదకరమో అంచనా వేయడానికి అమెరికాలో ఎక్కువగా వాడే డెసిఫర్, ప్రొలారిస్, ఆంకోటైప్ పరీక్షలు కణితిలోని ప్రోటీన్లను కొలవవు, వాటికి ముందు దశ అయిన ఆర్‌ఎన్‌ఏను కొలుస్తాయి. ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ ఉంటే ప్రోటీన్ కూడా ఎక్కువ ఉంటుందని మనం ఊహించుకుంటాము. 2019లో కెనడా పరిశోధకులు గ్రంథికే పరిమితమైన 76 కణితుల్లో రెండింటినీ కలిపి కొలిచినప్పుడు, ప్రోటీన్ మోతాదుల్లోని తేడాల్లో ఆర్‌ఎన్‌ఏ వివరించగలిగింది దాదాపు 10 శాతమే. తయారైన ప్రోటీన్ ఎంతకాలం నిలుస్తుంది, ఎంత త్వరగా విచ్ఛిన్నమవుతుంది, కణం దాన్ని ఎక్కడ దాచుకుంటుంది అన్నవి మిగతాదంతా నడిపిస్తున్నాయి. ఆ పనిలోనే, జన్యు సమాచారానికి ప్రోటీన్ సమాచారాన్ని జోడిస్తే జబ్బు తిరగబెట్టడాన్ని అంచనా వేయడం మెరుగైందని కూడా చూపించారు. ఎంచుకున్న మాదిరి చిన్నది కాబట్టి గణాంకుడు గారు నన్ను వదలరని తెలుసు.

ప్రోటీన్లనే నేరుగా వాడే పరీక్ష కూడా ఒకటి వచ్చింది. ప్రోమార్క్ అనే ఆ పరీక్షలో ఎనిమిది ప్రోటీన్లను ఫ్లోరసెన్స్‌తో ఒకే ముక్క మీద కొలిచి ఒక స్కోరు ఇస్తారు. అందులో స్మాడ్4, డెర్లిన్1, ఎఫ్‌యూఎస్ వంటివి ఉన్నాయి. దాన్ని రూపొందించినవారు చేసిన తెలివైన పని ఏమిటంటే, ఒకే గ్రంథిలో తక్కువ గ్రేడ్ చోటు నుంచీ ఎక్కువ గ్రేడ్ చోటు నుంచీ ముక్కలు తీసుకుని, సూది ఎక్కడ గుచ్చినా దాదాపు ఒకే కబురు చెప్పే ప్రోటీన్లను మాత్రమే ఏరుకున్నారు. చాలామంది ప్రోస్టేట్‌లలో ఒకటికి మించి కణితి చుక్కలు ఉంటాయి, అన్నీ ఒక తల్లి బిడ్డలు కావు. ఒక సూది ముక్కలో పీటెన్ లేదన్నంత మాత్రాన గ్రంథి అంతటా లేదని చెప్పలేము, ఉందన్నంత మాత్రాన నిశ్చింతగానూ ఉండలేము.


కృష్ణాతీరం — మంగళవారం, రాత్రి 10:10

అందరికీ కృతజ్ఞతలు. కేఐ-67 విషయంలో నా భయం కొంత తగ్గింది. పీటెన్, ఈఆర్‌జీల గురించి ఇంకా స్పష్టత రాలేదు. నివేదికలో ఈ రెండింటినీ ఒకే వాక్యంలో ఎందుకు రాశారు? వాటికి పరస్పరం సంబంధం ఉందా?


సూక్ష్మదర్శిని — బుధవారం, ఉదయం 8:25

సంబంధం ఉంది. ఈ చర్చలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

పీటెన్ కణం పెరుగుదలకు కళ్లెం వేసే ప్రోటీన్. 1997లో పదో క్రోమోజోము మీద దాని జన్యువును గుర్తించారు. ఆపరేషన్‌లో తీసిన గ్రంథుల్లో సుమారు అయిదింట ఒకదానిలో ఈ ప్రోటీన్ ఉండదు, ముదిరి వ్యాపించిన జబ్బులో దాదాపు సగం వరకు ఉండదు. పాథాలజిస్టుగా నాకు పీటెన్ నచ్చడానికి కారణం, అది ఎంత శాతం అని తడుముకోవలసిన పని లేకపోవడం. కణితి పక్కనే ఉన్న మామూలు గ్రంథులకూ, చుట్టూ ఉన్న కణజాలానికీ రంగు పట్టి, కణితి కణాలకు మాత్రం పట్టకపోతే, పరీక్ష సరిగ్గా జరిగిందనీ, ప్రోటీన్ నిజంగానే లేదనీ ఒకే చూపులో తెలుస్తుంది. పైగా నాళాల్లోపల పెరిగే కార్సినోమానూ, దానిలాగే కనబడే కేన్సర్ పూర్వదశనూ వేరుచేయడానికి మేము పీటెన్‌ను వాడతాము. కాబట్టి మీ ల్యాబ్ దాన్ని భవిష్యత్తు చెప్పడానికే వేసి ఉండకపోవచ్చు, రోగనిర్ధారణలో వచ్చిన సందేహం తీర్చుకోవడానికి వేసి ఉండవచ్చు. ఆ సంగతి వారినే అడగండి.

ఈఆర్‌జీ కథ 2005 నుంచి మొదలైంది. మిషిగన్‌లో అరుల్ చిన్నయ్యన్ బృందం, హార్మోన్ ఆజ్ఞతో పనిచేసే టీఎంపీఆర్‌ఎస్ఎస్2 జన్యువు తెగి ఈఆర్‌జీ జన్యువుకు అతుక్కోవడం ప్రోస్టేట్ కేన్సర్‌లో చాలా సాధారణమని కనుగొంది. పాశ్చాత్య దేశాల శ్వేతజాతీయుల్లో దాదాపు సగం కణితుల్లో అది ఉంటుంది, తూర్పు ఆసియాలో చాలా తక్కువ. ఇంత విస్తృతమైన మార్పు కాబట్టి అది రోగి భవిష్యత్తును శాసిస్తుందని తొలినాళ్లలో అందరూ అనుకున్నారు. అమెరికన్ వైద్యులనూ, వైద్యరంగంలో పనిచేసేవారినీ దశాబ్దాలుగా గమనిస్తున్న రెండు పెద్ద అధ్యయనాల కణితులను 2012లో పరిశీలించినప్పుడు, ఈఆర్‌జీ ఉన్నవారికీ లేనివారికీ మరణంలో తేడా కనబడలేదు. అంటే ఈఆర్‌జీ ఒంటరిగా పెద్దగా ఏమీ చెప్పదు.

అదే అధ్యయనాల నుంచి తర్వాత 1,044 మంది కణితుల్లో పీటెన్‌ను కూడా చూశారు. పీటెన్ లేకపోవడం ప్రాణాంతకంగా మారడంతో గట్టిగా ముడిపడింది. అయితే ఈఆర్‌జీ లేని కణితుల్లోనే ఆ ముడి స్పష్టంగా ఉంది, ఈఆర్‌జీ ఉన్నవాటిలో దాదాపు కనబడలేదు. అన్ని అధ్యయనాలూ ఈ విషయంలో ఏకీభవించలేదు కానీ, రెండింటినీ కలిపి రాసే అలవాటు వెనుక ఉన్న తర్కం ఇది. మీ నాన్నగారి కణితిలో పీటెన్ లేదు, ఈఆర్‌జీ ఉంది. "దూకుడు రకం" అన్నవారు పీటెన్ వరకు చదివి ఆగిపోయారేమోనని నా అనుమానం.


వైద్యమిత్ర — బుధవారం, మధ్యాహ్నం 1:00

పీటెన్ లేని కణితులకు ప్రత్యేకంగా మందు వెతికే ప్రయత్నాలు కూడా ఫలితాలు ఇవ్వడం మొదలుపెట్టాయి. పీటెన్ కళ్లెం తెగినప్పుడు, కణాన్ని పెరగమని ప్రేరేపించే ఏకేటీ అనే ప్రోటీన్ అదుపు తప్పుతుంది. దాన్ని అణచే ఇపటసెర్టిబ్‌ను అబిరటిరోన్‌కు కలిపి ఇచ్చిన ఇపటెన్షియల్-150 ప్రయోగం 2021లో వెలువడింది. కణితికి రంగు వేసి పీటెన్ లేదని తేల్చిన 521 మందిలో, జబ్బు స్కానులో ముదరకుండా గడిచిన కాలం 16.5 నెలల నుంచి 18.5 నెలలకు పెరిగింది. రోగులందరినీ కలిపి చూస్తే ఆ ప్రయోజనం నిలబడలేదు. ఏకేటీనే అణచే మరో మందు కాపివసెర్టిబ్‌తో, హార్మోన్ చికిత్స అప్పుడే మొదలుపెట్టిన, వ్యాప్తి ఉన్న, పీటెన్ లోపించిన రోగుల్లోనే కాపిటెల్లో-281 ప్రయోగం చేశారు. అక్కడ జబ్బు ముదరకుండా గడిచిన కాలం 25.7 నెలల నుంచి 33.2 నెలలైంది. నా దృష్టిలో కణితిలోని ఒక ప్రోటీన్ మోతాదు చూసి రోగిని ఎంచుకునే దారిలో ఇది ముఖ్యమైన అడుగు. రాబోయే కాలంలో వ్యాప్తి ఉన్న ప్రతి రోగికీ పీటెన్ పరీక్ష అడుగుతామని నా నమ్మకం.


గణాంకుడు — బుధవారం, మధ్యాహ్నం 3:45

వైద్యమిత్ర గారితో నేను ఇక్కడ విభేదిస్తాను. ఇపటెన్షియల్-150లో రెండు నెలల తేడా కోసం రోగులు విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు, రక్తంలో చక్కెర పెరగడం భరించవలసి వచ్చింది, తుది విశ్లేషణలో ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. కాపిటెల్లో-281లో పీటెన్ లేదనడానికి కనీసం 90 శాతం కణితి కణాలకు రంగు పట్టకూడదన్న కఠినమైన గీత పెట్టారు. ఆ గీతను 90 దగ్గర పెడితే ఒక జవాబు, 50 దగ్గర పెడితే మరొక జవాబు వస్తుందంటే, మనం పట్టుకున్నది జీవశాస్త్రపు సత్యమా, పరీక్షశాల ఏర్పాటా అన్న ప్రశ్న మిగిలే ఉంది. మన దేశంలో మధుమేహం ఉన్న అరవై డెబ్బై ఏళ్ల రోగులు ఎంతమందో మీకు నాకంటే బాగా తెలుసు.


వైద్యమిత్ర — బుధవారం, సాయంత్రం 4:30

మధుమేహం మాట నిజం, దాన్ని కాదనను. కానీ కఠినమైన గీత వల్లనే ప్రయోజనం స్పష్టమైందని నేనంటాను, మీరు దాన్నే లోపమంటున్నారు. ఆయుష్షుకు సంబంధించిన పూర్తి ఫలితాలు వచ్చినప్పుడు ఈ వాదన కొనసాగిద్దాము.


పెన్నాపంతులు — బుధవారం, రాత్రి 7:15

మన ప్రాంతాల్లో చాలామంది నడుము నొప్పితోనో, కాళ్లు పడిపోయే దశలోనో మొదటిసారి ఆసుపత్రికి వస్తారు, అప్పటికే ఎముకలకు పాకి ఉంటుంది. వృషణాలు తీసే చిన్న ఆపరేషన్‌తో సరిపెట్టుకునేవారు ఇప్పటికీ ఎక్కువే. అబిరటిరోన్ జెనెరిక్‌లు హైదరాబాదు కంపెనీలు కూడా తయారుచేయడంతో అది కొంత అందుబాటులోకి వచ్చింది. ఇలాంటి చోట ఒక్కొక్క ప్రోటీన్‌కు వేలు ఖర్చుపెట్టి రంగులు వేయించడం అవసరమా అని నాకు అనిపిస్తోంది. కృష్ణాతీరం బాబూ, ఇది మీ నాన్నగారి గురించి కాదు, అందరి గురించి అంటున్నాను.


వైద్యమిత్ర — బుధవారం, రాత్రి 9:00

పంతులుగారి మాట సబబే. గ్రంథికే పరిమితమైన జబ్బులో కేఐ-67, పీటెన్, ఈఆర్‌జీలను అందరికీ వేయమని ప్రధాన మార్గదర్శకాలేవీ చెప్పడం లేదు. ఆ డబ్బుతో ముందు చేయవలసిన పని స్లైడ్లను ప్రోస్టేట్ బాగా చదివే మరో పాథాలజిస్టుకు చూపించడం. గ్రేడ్ ఒక మెట్టు మారితే చికిత్స మారుతుంది. గ్లీసన్ నాలుగో రకం (4+3లోని ఆ 4) ఎంత భాగముంది, అందులో జల్లెడ కన్నాల్లాగా కనబడే క్రిబ్రిఫామ్ అమరిక ఉందా, నాళాల్లోపల పెరుగుదల ఉందా అన్నవి ఏ ప్రోటీన్ రంగూ లేకుండానే చాలా చెబుతాయి.

కృష్ణాతీరం గారూ, గ్రేడ్ గ్రూప్ 3, పీఎస్‌ఏ 11 కాబట్టి మీ నాన్నగారు ప్రతికూల మధ్యస్థ ప్రమాద వర్గంలోకి వస్తారు. ఆపరేషన్ ఒక దారి, రేడియేషన్‌తో పాటు నాలుగు నుంచి ఆరు నెలల హార్మోన్ చికిత్స మరొక దారి. ఆ చివరి పేరా ఈ రెండింటినీ మార్చదు, ఆ విషయంలో యూరాలజిస్టు మాటే సరైనది. ఏదైనా ఒక ప్రోటీన్ ఇప్పుడు మీ నిర్ణయాన్ని మార్చగలిగితే అది మీ నివేదికలో లేని పీఎస్‌ఎమ్‌ఏ. 2020లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ప్రోపీఎస్‌ఎమ్‌ఏ ప్రయోగంలో గ్రేడ్ గ్రూప్ 3 నుంచి 5 ఉన్నవారిని కూడా చేర్చుకున్నారు. వ్యాప్తిని సరిగ్గా పట్టుకోవడంలో పీఎస్‌ఎమ్‌ఏ పెట్ స్కాను కచ్చితత్వం 92 శాతం, మామూలు సీటీ, ఎముకల స్కాన్లది 65 శాతం. ఎముకల స్కాను శుభ్రంగా ఉందన్న మాట మీద ఆగిపోకుండా ఈ స్కాను గురించి అడగండి. హైదరాబాదులో చేస్తున్నారు. దగ్గరి లింఫ్ గ్రంథుల్లో ఎక్కడైనా వెలిగితే రేడియేషన్ వేసే చోటూ, హార్మోన్ ఎన్నాళ్లన్నదీ మారతాయి.


కృష్ణాతీరం — బుధవారం, రాత్రి 11:30

స్పష్టంగా చెప్పినందుకు ధన్యవాదాలు. రేపే స్కాను సంగతి అడుగుతాను. ఇంకొక్క సందేహం: స్లైడ్లు మరొకరికి చూపించాలంటే మళ్లీ బయాప్సీ చేయాలా? భవిష్యత్తులో పీటెన్ మందు వస్తే ఈ ముక్క పనికొస్తుందా?


సూక్ష్మదర్శిని — గురువారం, ఉదయం 7:40

మళ్లీ గుచ్చవలసిన పని లేదు. ల్యాబ్‌కు ఒక ఉత్తరం రాసి స్లైడ్లతోపాటు మైనపు బ్లాకులు కూడా అడగండి, సంతకం పెట్టి తీసుకోవచ్చు. ఉత్తరంలో ప్రతి సూది ముక్కకూ గ్రేడ్ విడిగా రాయమని, క్రిబ్రిఫామ్, నాళాల్లోపలి కార్సినోమా ఉన్నదీ లేనిదీ పేర్కొనమని, కేఐ-67 లెక్కించిన పద్ధతి తెలియజేయమని రాయండి. బ్లాకులను చల్లని, పొడి ప్రదేశంలో ఉంచితే పదేళ్ల తర్వాత కూడా వాటి నుంచి పొరలు కోసి రంగు వేయగలము. ముందే కోసి పెట్టిన రంగు వేయని స్లైడ్లు మాత్రం నెలలు గడిచేకొద్దీ ప్రోటీన్ జాడను కోల్పోతాయి, కాబట్టి స్లైడ్ల కంటే బ్లాకునే జాగ్రత్త పరచండి.

ఇది అందరికీ పనికొస్తుందని చేరుస్తున్నాను: ఎప్పుడైనా ఎముక నుంచి బయాప్సీ తీయవలసి వస్తే, ఎముకను మెత్తబరచడానికి గాఢమైన ఆమ్లం వాడవద్దని, ఈడీటీఏ వాడమని ముందుగానే చెప్పండి. ఆమ్లం ప్రోటీన్‌నూ జన్యు పదార్థాన్నీ పాడుచేస్తుంది, ఆ తర్వాత పీటెన్ లేదని వచ్చిన ఫలితం కణితి వల్ల వచ్చిందో, సీసాలోని ఆమ్లం వల్ల వచ్చిందో తేల్చడం చాలా కష్టం.